అందరితో అందరి పోరు

చెడుగుడు ఆటలో మనవారెవరో ఎదుటివారెవరో నడిమి గీత తెలుపును. చదరంగములో పావుల రంగు తెలుపును. గీతయు రంగును లేని ఆట యొకటి కంప్యూటరు క్రీడలలో కలదు. అందు ప్రతి ఆటగాడును తక్కిన అందరికిని ప్రత్యర్థియే. దానిని ‘ఫ్రీ ఫర్ ఆల్’ అందురు. అనగా అందరితో అందరి పోరు.

1993లో వెలువడిన డూమ్ అను ఆట ఈ పద్ధతికి మిక్కిలి ప్రాచుర్యము కలిగించెను. అందు నలుగురు వరకు తలపడవచ్చును. ఆ పోరునకు ‘డెత్‌మ్యాచ్’ అని పేరిడినవాడు దాని నిర్మాతలలో నొకడైన జాన్ రొమేరో. అదే ఇడ్ సాఫ్ట్‌వేర్ సంస్థ 1999 డిసెంబరులో క్వేక్ త్రీ ఎరీనా అను ఆటను వెలువరించి, ఈ పోరునే దానికి ప్రధానముగా చేసినది. నేటికిని దానిని ఆడువారు కలరు. గెలుపు మర్మమును ఆ ఆట ఆధారముగనే వివరింపదలచితిమి.

నియమము సులభము. ఒకనిని పడగొట్టిన ఒక పాయింటు వచ్చును. దానిని ఫ్రాగ్ అందురు. సాధారణముగా 20 ఫ్రాగులు ముందుగా సాధించినవాడు విజేత. పడినవాడు కొద్ది క్షణములలో వేరొకచోట మరల లేచును. ఇతరుల చేతిలో పడినందువలన వాని పాయింట్లు తగ్గవు. కాని సంపాదించిన ఆయుధములును కవచమును పోవును. మెషిన్‌గన్‌తో మరల మొదలుపెట్టవలెను. తన రాకెట్టుకు తానే బలియైనను, అగాధములో జారిపడినను మాత్రము ఒక పాయింటు పోవును. ఈ లెక్క తెలిసినచో తక్కిన ఉపాయమంతయు దానినుండియే పుట్టును.

ఇద్దరి నడుమ పోరులో ఒకని నష్టము రెండవవాని లాభము. ఇచట అట్లు కాదు. ఇద్దరు చాలసేపు పోరాడి, ఒకడు 15 పాళ్ల ప్రాణముతో గెలిచెననుకొందము. వానికి ఒక ఫ్రాగ్ దక్కును. మరుక్షణమున వచ్చిన మూడవవాడు రెండు మూడు తూటాలతో వానిని కూల్చి, అంతే విలువగల ఫ్రాగ్‌ను అల్పశ్రమతో పొందును. ఎవడెంత గాయపరచెనో లెక్కలేదు; కడపటి దెబ్బ కొట్టినవానిదే పాయింటు. కావున బలవంతుని వెదకి గెలుచుట కంటె, పోరు ముగియుచున్న చోటికి వేళకు చేరుట మేలు.

అయితే పంచతంత్రములోని నక్క కథ మరువరాదు. పోరాడు పొట్టేళ్ల నడుమ నెత్తురు నాకబోయి అది నలిగిపోయినది. మూడవవాడు దూరమున నిలిచి రాకెట్టు వేయవలెను గాని నడుమ దూరరాదు. నేలను తాకి పేలిన రాకెట్టు చుట్టునున్న ఇద్దరిని కూడ గాయపరచును. దగ్గర పేలినచో వేసినవానికిని ఆ గతియే.

ఇక కాలజ్ఞానము. తీసికొనిన కవచము 25 సెకండ్లకు, మెగాహెల్త్ 35 సెకండ్లకు, క్వాడ్ డ్యామేజ్ 120 సెకండ్లకు మరల ప్రత్యక్షమగును. క్వాడ్ దెబ్బల తీవ్రతను 30 సెకండ్లపాటు పెంచును. దానిని ఎవరైన తీసికొనిన ధ్వని రంగమంతటను వినవచ్చును. ఆ క్షణమునుండి లెక్క పెట్టినవాడు తరువాతి వేళకు సిద్ధముగా నుండును. అది పరుని చేత చిక్కినచో ఆ అర నిమిషము తప్పుకొని తిరుగుటయే వివేకము. మెగాహెల్త్ 100 పాళ్ల ప్రాణమును చేర్చును గాని, నూటికి మించినది సెకండుకు ఒకటి చొప్పున తరుగును. కాన అది దాచుకొనదగిన ధనము కాదు, వెంటనే వెచ్చింపవలసినది.

ఆయుధమును దూరమును బట్టి ఎన్నుకొనవలెను. దగ్గరకు షాట్‌గన్, నడిమి దూరమునకు రాకెట్టు, సుదూరమునకు రైల్‌గన్. రైల్‌గన్ ఒక్కొక్క దెబ్బ 100 పాళ్లు. కాని మరల పేల్చుటకు ఒకటిన్నర సెకండు పట్టును, దాని రేఖ పేల్చినవాని చోటును అందరికిని పట్టియిచ్చును. కావున పేల్చిన వెంటనే చోటు మార్చవలెను.

వీటన్నిటికంటె కష్టమైనది కోపమును గెలుచుట. తొలినాళ్లలో మేము మమ్ము పడగొట్టినవానినే వెదకుచు రంగమంతయు తిరిగెడివారము. వాడు కనబడిన మరుక్షణమే తక్కినవారిని మరచితిమి. వెనుకనుండి వచ్చిన అపరిచితుడు మమ్ము కూల్చెను. ఆట ముగియునప్పటికి పగ తీరినది. మా పేరు మాత్రము పట్టికలో అడుగున మిగిలినది. పగవానిని కూల్చినను ఒక పాయింటే. పరాయివానిని కూల్చినను ఒక పాయింటే.

అట్లని మితిమీరిన భయమును పనికిరాదు. మూలన దాగినవాడు ఎన్నడును పడకపోవచ్చును. కాని ఆలోగా ఇతరులు 20 చేరుదురు. పడుట వలన నష్టము స్వల్పము. ఆలస్యము వలన నష్టము అధికము. తెగింపునకును ఓర్పునకును నడుమ తూకము తప్పక నిలుపుకొనువానికే ఇందు జయము. ఒక్కొక్క పోరులో ఓడుచునే ఆటను గెలుచుట నేర్పుటయే ఈ క్రీడలోని విశేషము.