పాపపు ఒప్పుకోలు (ఉత్తరాంధ్ర క్రైస్తవ సంఘాలు)

పాపపు ఒప్పుకోలు అనగా క్రైస్తవ విశ్వాసంలో ఒక వ్యక్తి తాను చేసిన పాపాన్ని తనదిగా అంగీకరించి, దానికి దేవుని ఎదుట తానే బాధ్యత వహించడం. క్షమాపణ కోరడం ఇందులో ఒక భాగం మాత్రమే. "పొరపాటు జరిగింది" అనడానికీ, "నేను చేశాను" అనడానికీ ఉన్న తేడాయే దీని సారం. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతంలో బాప్టిస్టు, లూథరన్, కాథలిక్ సంఘాలు 19వ శతాబ్దం నుండి పనిచేస్తున్నందున ఒకే నమ్మకం ఇక్కడ మూడు రకాల ఆచారాలుగా కనిపిస్తుంది.

పదాలు

అరసవల్లి, శ్రీకూర్మం, రామతీర్థం వంటి పుణ్యక్షేత్రాలున్న ఈ ప్రాంతంలో పాపం, ప్రాయశ్చిత్తం అనే మాటలు క్రైస్తవం రాకముందే ప్రజలకు సుపరిచితాలు. క్రైస్తవులు ఆ మాటలనే తీసుకొని అర్థాన్ని కొంత మార్చుకున్నారు. ధర్మశాస్త్రాలలో ప్రాయశ్చిత్తం దోషం చేసినవాడే చేసుకోవాలి. క్రైస్తవ బోధలో దానిని క్రీస్తు సిలువపై చేశాడు. అయితే చేసినవానికి ఇక మిగిలినదేమిటి అన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. ఒప్పుకోలు, మారుమనస్సు అన్నవి దానికి సంఘాలు ఇచ్చే సమాధానం. ప్రాయశ్చిత్తం మరొకరు చేసినా, పాపం ఎవరిదన్న విషయం మారదు.

తెలుగు క్రైస్తవ బోధలో జన్మపాపం, కర్మపాపం అని రెండు మాటలున్నాయి. ఆదాము నుండి మానవులందరికీ సంక్రమించినది జన్మపాపం. మనిషి తానుగా చేసినది కర్మపాపం. ఇక్కడ కర్మ అంటే చేసిన పని అనే అర్థమే గాని పూర్వజన్మ ఫలమని కాదు. ఈ తేడా తెలియక "నా ఖర్మ" అనే వాడుకమాటతో దీనిని కలిపివేయడం తరచుగా జరుగుతుంది. "నా ఖర్మ" అన్నవాడు నిట్టూరుస్తాడు, కర్మపాపం ఒప్పుకొన్నవాడు జవాబు చెబుతాడు.

బైబిలులో

ఆదికాండము 3వ అధ్యాయంలో ఆదాము తప్పును హవ్వ మీదికి, హవ్వ సర్పం మీదికి నెట్టారు. తండ్రి దోషాన్ని కుమారుడు మోయడని యెహెజ్కేలు 18వ అధ్యాయం చెబుతుంది. 51వ కీర్తన దావీదు పశ్చాత్తాప కీర్తనగా ప్రసిద్ధి. లూకా సువార్త 19వ అధ్యాయంలోని జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. ఒప్పుకోలు మాటతో ఆగదనడానికి బోధకులు ఎక్కువగా చూపేది ఈ కథనే.

పురుషోత్తమ చౌదరి

ఈ భావం తెలుగు పాటలోకి రావడానికి ముఖ్య కారకులలో పురుషోత్తమ చౌదరి (1803-1890) ఒకరు. పర్లాకిమిడి ప్రాంతంలోని మదనాపురంలో వంగ బ్రాహ్మణ కుటుంబంలో జన్మించాడు. పర్లాకిమిడి నేడు ఒడిషాలో ఉన్నా శ్రీకాకుళం జిల్లా పాతపట్నానికి పొరుగూరే. ఆయన 1833లో కటకంలో బాప్తిస్మం పొందాడు. ఆయన కీర్తనలలో పలుచోట్ల మాట్లాడేది "నేను" అనే పాపి. బోధకుడు పైనుండి జనాన్ని మందలించే ధోరణి కాదది. సంఘమంతా కలిసి పాడినప్పుడు ప్రతి గొంతు ఆ "నేను"ను తనకు అన్వయించుకోవలసి వస్తుంది. ఉపన్యాసం కంటే కీర్తన ఈ పని బాగా చేసిందనడం అతిశయోక్తి కాదు.

సంఘాల ఆచారాలు

లండన్ మిషనరీ సొసైటీ 1805లో విశాఖపట్నంలో పని ప్రారంభించింది. 1870ల దశకంలో కెనడా బాప్టిస్టులు ఈ ప్రాంతానికి వచ్చారు. బాప్టిస్టులు శిశువులకు బాప్తిస్మం ఇవ్వరు. వయసు వచ్చినవారు సంఘం ఎదుట సాక్ష్యం చెప్పి, తమ పాపాన్ని, విశ్వాసాన్ని స్వయంగా ఒప్పుకున్న తరువాతనే ముంచి బాప్తిస్మమిస్తారు. తండ్రి విశ్వాసం కుమారునికి చెల్లదు. ఉమ్మడి కుటుంబం, కులపెద్దల మాట బలంగా ఉన్న గ్రామాలలో ఒక మనిషి లేచి తన తరఫున తానే మాట్లాడడం చిన్న విషయం కాదు.

కాథలిక్కులు దీనిని పాపసంకీర్తనం అంటారు. విశ్వాసి గురువు వద్ద ఏకాంతంగా పాపాలు చెప్పుకుంటాడు. గురువు వాటిని ఎవరికీ, ఎట్టి పరిస్థితిలోనూ వెల్లడించరాదు. ఏడాదికి ఒకసారైనా ఇలా చేయాలన్న నియమాన్ని 1215లో జరిగిన నాలుగవ లాటరన్ మహాసభ విధించింది. విశాఖపట్నం మేత్రాసనం నుండి 1993లో శ్రీకాకుళం మేత్రాసనం ఏర్పడింది.

సాలూరు, పార్వతీపురం వైపు 1880ల దశకంలో జర్మనీ నుండి లూథరన్ మిషనరీలు వచ్చారు. వీరి ఆరాధనలో సంఘమంతా కలిసి ఒప్పుకోలు చెప్పగా పాదిరి క్షమాపణ ప్రకటిస్తాడు. ఏకాంత ఒప్పుకోలును కూడా 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన నిలిపి ఉంచింది, కాని పాపాలన్నిటినీ లెక్కపెట్టి చెప్పనవసరం లేదన్నది.

అందరూ కలిసి చెప్పే ఒప్పుకోలులో ఒక చిక్కున్నది. "మేము" అన్నప్పుడు "నేను" దాగిపోవచ్చు. కులభేదం దీనికి మంచి ఉదాహరణ. సంఘాలలో కులభేదం పాపమని వేదికల మీద చెప్పేవారు చాలామంది ఉంటారు. దానిని తాను పాటించానని చెప్పేవారు అరుదు.

బహిరంగ ఒప్పుకోలు, కుల ధ్రువీకరణ

షెడ్యూల్డు కులాల నుండి వచ్చిన విశ్వాసులకు ఈ ప్రశ్న మరింత కఠినం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కుల హోదాను మొదట హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులైన షెడ్యూల్డు కులాలవారిని వెనుకబడిన తరగతుల "సి" వర్గంలో ఉంచి ఒక శాతం రిజర్వేషన్ ఇచ్చారు. అందువలన కొందరు ఆరాధనకు వచ్చినా కాగితాలలో హిందువులుగానే ఉంటారు.

దేవుని ఎదుట సత్యం ఒప్పుకున్నవాడు ధ్రువపత్రంలో దానిని దాచడం పాపమేనని ఒక వాదన. మతం మారినా ఊరిలో వివక్ష మారనప్పుడు, చట్టంలోని లోపాన్ని పేదవాని మనస్సాక్షిపై మోపడం న్యాయం కాదని మరొక వాదన. రెండవదానిలో బలమున్నది, కాని మొదటి ప్రశ్న దానితో తొలగిపోదు. సాలూరు, సీతంపేట ప్రాంతాల గిరిజన క్రైస్తవులకు ఈ సమస్య లేదు. మతం ఏదైనా షెడ్యూల్డు తెగ హోదా వారికి కొనసాగుతుంది.