రాయి మారింది, మాట నిలిచింది

చలికాలంలో చెరువు గడ్డకడితే ఏం చేస్తారు? జవ్వాదు కొండల గాలికి ధనుర్మాసపు తెల్లవారుజామున దుప్పటి వదలని మన ఆలంగాయం పిల్లలకు ఈ ప్రశ్న వింతగానే ఉంటుంది. స్కాట్లాండు పల్లెల వాళ్లు మాత్రం ఐదు వందల ఏళ్ల కిందటే దీనికి జవాబు కనిపెట్టారు. పొలం పని సాగని రోజుల్లో గడ్డకట్టిన చెరువు మీద బండరాళ్లు జార్చి ఆడుకున్నారు. ఆ ఆట పేరు కర్లింగ్. పుట్టినూరు వదిలి సముద్రం దాటిన జనం ఆ ఆటను, దాని మాటలను ఎలా నిలుపుకున్నారో తెలుసుకోవడం తమిళనాట పిల్లలకు తెలుగు చదువు చెప్పించుకుంటున్న మనకు పనికొచ్చే పాఠం.

ఆట తీరు

నలుగురేసి చొప్పున రెండు జట్లు. జట్టుకు ఎనిమిది రాళ్లు. ఒక్కో రాయి బరువు 17 నుంచి 20 కిలోలు. దాదాపు 45 మీటర్ల మంచుబాట కొసన ఒకదానిలో ఒకటిగా వలయాలు గీసి ఉంటాయి. బయటి వలయం అడ్డుకొలత 12 అడుగులు. దాన్ని ‘హౌస్’, అంటే ఇల్లు అంటారు. రాయిని కాస్త తిప్పి వదిలితే అది వంపు తిరుగుతూ సాగుతుంది. జట్టులో ఇద్దరు చీపురు లాంటి బ్రష్షులతో దాని ముందు మంచును గబగబా రుద్దుతారు. రాపిడి తగ్గి రాయి మరికొంత దూరం, మరికొంత తిన్నగా పోతుంది. చివరికి ఇంటి నడిబొడ్డుకు ఎవరి రాయి దగ్గరగా ఉంటే పాయింట్లు వాళ్లవి. ఎదుటివాడి గోలీని తరిమి తన గోలీని నిలబెట్టుకున్న ప్రతి పిల్లవాడికీ ఇందులోని కిటుకు చప్పున అర్థమవుతుంది.

చెరువు నుంచి ఒలింపిక్స్ దాకా

స్టిర్లింగ్ పట్టణంలోని మ్యూజియంలో 1511 అని చెక్కిన పాత కర్లింగ్ రాయి ఉంది. 1541లో పెయిస్లీ మఠానికి చెందిన ఒక సన్యాసికీ, మఠాధిపతి బంధువుకూ మధ్య మంచు మీద రాళ్లు విసిరే పందెం జరిగిన సంగతి ఒక నోటరీ పుస్తకంలో లాటిన్‌లో రాసి ఉంది. మొదట్లో ఏటిలో దొరికిన రాయే ఆటరాయి. తర్వాత పిడి బిగించారు, గుండ్రంగా చెక్కారు. ఐల్సా క్రెయిగ్ అనే జనం లేని చిన్న దీవి గ్రానైట్ ఈ ఆటకు పేరుపడింది. మాక్లిన్ అనే ఊళ్లో 1851 నుంచి ఒక కుటుంబ సంస్థ ఈ రాళ్లను చెక్కుతూనే ఉంది. కుప్పం, కృష్ణగిరి గ్రానైట్ ఎరిగిన మనకు రాయిలో రాయికి తేడా ఉంటుందని ఎవరూ చెప్పనక్కర్లేదు.

1838లో స్కాట్లాండు క్లబ్బులన్నీ ఒక్క సంఘంగా చేరి నియమాలు ఒకటి చేసుకున్నాయి. చలి బాగా ముదిరిన ఏడు దేశమంతటి ఆటగాళ్లూ ఒకే సరస్సు మీద చేరి ‘గ్రాండ్ మ్యాచ్’ ఆడేవారు. 1979లో మెంటీత్ సరస్సు మీద రెండు వేల మందికి పైగా ఆడారు. ఆ తర్వాత అంతమందిని మోసేంత మంచు కుదరక మళ్లీ అది జరగలేదు. ఆట ఇప్పుడు కప్పు కింద తయారుచేసిన మంచు మీదికి చేరింది. 1924లో ఒలింపిక్స్‌లో కనిపించి, 1998లో నగానోలో పూర్తిస్థాయి పతకాల క్రీడగా తిరిగి వచ్చింది.

వలస వెళ్లిన ఆట

మనం ఎక్కువగా గమనించాల్సింది కెనడా కథ. స్కాట్లాండు నుంచి వెళ్లి స్థిరపడినవాళ్లు 1807లోనే మాంట్రియల్‌లో కర్లింగ్ క్లబ్బు పెట్టారు. అక్కడ చలికి, మంచుకు కొదవ లేదు. తగిన రాయి మాత్రం చేతికి అందలేదు. క్యూబెక్ వైపు వాళ్లు ఇనుప దిమ్మెలతో ఆడారు. ఒంటారియో వైపు చెట్టు మొద్దును నరికి చెక్కదిమ్మెలు చేసుకున్నారు. రాయి లేదని ఆట మానలేదు.

‘బాన్‌స్పీల్’ అనేది స్కాట్లాండు మాట. పోటీల జాతర అని అర్థం. నేటికీ కెనడాలో చిన్న చిన్న ఊళ్లు సైతం తమ కర్లింగ్ పోటీలను ఆ పేరుతోనే పిలుస్తాయి. 1927లో అక్కడ పురుషుల జాతీయ పోటీ మొదలైంది. సస్కాచెవాన్ రాష్ట్రం 2001లో కర్లింగ్‌ను తన అధికారిక క్రీడగా ప్రకటించుకుంది. నగానోలో కెనడా మహిళలకు స్వర్ణం తెచ్చిన సాండ్రా ష్మిర్లర్ ఆ రాష్ట్రపు బిడ్డే. ఆమె 2000లో క్యాన్సర్‌తో 36 ఏళ్లకే కన్నుమూస్తే అంత్యక్రియలను దేశమంతటికీ టీవీలో చూపించారు. వలస వచ్చినవాళ్ల చెరువాట ఒక దేశానికి ఇంటి ఆటైపోయింది.

తొండి లేని ఆట

కర్లింగ్‌లో ఒక మంచి ఆచారం ఉంది. కదిలే రాయికి తన బ్రష్షు తగిలితే ఆ సంగతి తగిలించినవాడే చెప్పాలి. ఎవరి రాయి దగ్గరో రెండు జట్లూ మాట్లాడుకుని తేల్చుకుంటాయి. తేలకపోతేనే కొలత. ఆట ముగిశాక గెలిచినవాళ్లు ఓడినవాళ్లకు తాగడానికి ఏదైనా ఇప్పించడం ఆనవాయితీ.

మన పిల్లల ఆటలకూ అంపైర్ లేడు. పంటలు వేసుకుని జట్లు కట్టడం, ఎవరు దొంగో తేల్చడం, గీత తొక్కావా లేదా అని తగువు పడటం, ‘తొండి ఆడొద్దు’ అని అరవడం, అంతా వాళ్ల నోటితోనే జరగాలి. భాషకు ఇంతకన్నా గట్టి సాధన ఏ పీరియడ్‌లో దొరుకుతుంది? ఆలోచించుకుని రాసేది పరీక్ష భాష. ఆలోచించకుండా అరిచేది సొంత భాష.

మన మైదానంలో ఏ భాష?

స్టిర్లింగ్‌లో ఆ రాయి చెక్కిన శతాబ్దంలోనే విజయనగర, నాయక రాజుల పాలనలో ఎన్నో తెలుగు కుటుంబాలు ఈ నేలమీద స్థిరపడ్డాయి. వేలూరు కోటా ఆ శతాబ్దానిదే. ఇన్ని తరాలు తెలుగు నిలిచింది ఇళ్లలో, వీధుల్లో, ఆటల్లో. ఇప్పుడు బోర్డు మీద ‘బొంగరం’ అని రాస్తే పిల్లలు చక్కగా చదువుతారు. గంట కొట్టి బయటికి వెళ్లగానే అదే ‘పంబరం’ అవుతుంది. తొక్కుడుబిళ్ల ‘నొండి’ అవుతుంది, వామనగుంటలు ‘పల్లాంగుళి’ అవుతాయి. తమిళం మన పిల్లలకు కావాలి, అది వాళ్ల ఊరి భాష. ఒక ఆటకు రెండు పేర్లు తెలిస్తే అది సంపదే. బాధ ఎక్కడంటే, రెండింటిలో ఒకటి పుస్తకంలో మాత్రమే మిగలడం.

2006 నాటి చట్టంతో తమిళం ఒకటో తరగతి నుంచి దశలవారీగా తప్పనిసరి అయ్యాక తెలుగు పీరియడ్ల కోసం, పుస్తకాల కోసం, ఉపాధ్యాయుల కోసం మనం అడుగుతూనే ఉన్నాం. అడగాలి కూడా. మైదానంలో తెలుగు వినిపించడానికి మాత్రం ఏ ఉత్తర్వూ అక్కర్లేదు.

ఆట ఒక్కటే భాషను కాపాడుతుందనీ అనలేం. అదే కెనడాలోని నోవా స్కోషియాలో స్కాట్లాండు నుంచి వచ్చిన వేల కుటుంబాలు ఒకప్పుడు గేలిక్ మాట్లాడేవి. ఇప్పుడు ఆ భాష కొద్దిమంది నోటనే మిగిలింది. ఇంట్లో మాట, బడిలో చదువు, వీధిలో ఆట, ఈ మూడూ కలిస్తేనే ఏ భాషైనా నిలుస్తుంది.

ఈ చలికాలంలో చేయదగినవి

ఉపాధ్యాయులు వారానికి ఒక ఆటల పీరియడ్ తెలుగు ఆటలకు ఇవ్వవచ్చు. వామనగుంటలకు రెండు వరుసల్లో పద్నాలుగు గుంటలు, గుప్పెడు చింతగింజలు చాలు. అష్టాచెమ్మాకు సుద్దముక్కతో గీసిన 25 గళ్లు, నాలుగు గవ్వలు చాలు. అరుపులూ లెక్కలూ తెలుగులోనే జరగాలన్నది ఒక్కటే షరతు.

తల్లిదండ్రులు సంక్రాంతి సెలవుల్లో పిల్లలను అవ్వతాతల దగ్గర కూర్చోబెట్టాలి. మీ చిన్నప్పుడు ఏమాడారు, దాన్ని ఏమనేవారు, ఓడినవాడికి శిక్ష ఏమిటి అని అడిగించి నోటుబుక్కులో రాయించాలి. అవ్వ చెప్పిన మాట పాఠ్యపుస్తకంలోని మాటకు వేరుగా ఉంటే దిద్దవద్దు. ఉన్నది ఉన్నట్టు రాయనివ్వండి. అది మన వైపు తెలుగు.

కర్లింగ్‌నూ ఆడించి చూడవచ్చు. నున్నటి నేల మీద సుద్దతో వలయాలు గీసి, బల్లపరుపు పెంకుముక్కలు జార్చితే సరి. ఆ వలయాలను మాత్రం హౌస్ అనకుండా ‘ఇల్లు’ అనమనండి.