పికప్ వాహనాల సైలెన్సర్ మార్పులు: శబ్దం, శక్తి, చట్టం (ఆసిఫాబాద్ ప్రాంత నేపథ్యం)

వ్యాససంగ్రహం:
సరుకు రవాణా పికప్ వాహనాల ఎగ్జాస్ట్ వ్యవస్థను మార్చితే శబ్దం గంభీరమవుతుందని, ఇంజన్ శక్తి పెరుగుతుందని వాహనదారులలో బలమైన నమ్మకం ఉన్నది. ఆ నమ్మకంలోని నిజానిజాలను ధ్వనిశాస్త్ర, యంత్రశాస్త్ర సూత్రాల ఆధారంగా పరిశీలించి, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా పరిస్థితులకు, అమలులో ఉన్న చట్టాలకు అన్వయించి వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఎగ్జాస్ట్, సైలెన్సర్, ఎదురుపీడనం, పౌనఃపున్యం, డీజిల్ వడపోత, మోటారు వాహనాల చట్టం, ఆసిఫాబాద్.

1. ఉపోద్ఘాతం:
2016 అక్టోబరు 11న ఏర్పడిన కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో పత్తి ప్రధాన పంటలలో ఒకటి. చేను నుండి జిన్నింగు మిల్లు వరకు పత్తిని చేర్చడంలోనూ, వారపు సంతలకు కూరగాయలు, కిరాణా సరుకులు మోయడంలోనూ పికప్ వాహనాలది పెద్ద పాత్ర. మంచిర్యాల నుండి ఆసిఫాబాద్, వాంకిడి మీదుగా చంద్రపూర్ వైపు సాగే 363వ నంబరు జాతీయ రహదారి మీదనే కాక, కెరమెరి ఘాట్ వంటి ఎత్తుపల్లాల దారులలోనూ ఇవి బరువుతో నడవవలసి ఉంటుంది. అందువల్ల బండి బాగా ‘గుంజాలి’ అనే కోరిక ఇక్కడి డ్రైవర్లకు సరదా మాత్రమే కాదు, జీవనోపాధికి సంబంధించినది. సైలెన్సర్ మార్పుపై ఆసక్తి పుట్టేది ఈ అవసరం నుండే.

2. శబ్దం పుట్టే తీరు:
నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో ప్రతి సిలిండరు క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరిగినప్పుడు ఒకసారి దహనవాయువులను వెలువరిస్తుంది. ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకోగానే లోపలి అధికపీడన వాయువు ఒక్కసారిగా గొట్టంలోకి దూకుతుంది. ఈ పీడన తాకిడుల వరుసే మనం వినే శబ్దానికి మూలం. నాలుగు సిలిండర్ల ఇంజన్ నిమిషానికి 1,800 చుట్లు తిరిగితే సెకనుకు 60 తాకిడులు పుడతాయి. అంటే మూల పౌనఃపున్యం 60 హెర్ట్జ్. అదే వేగంలో రెండు సిలిండర్ల ఇంజన్ 30 తాకిడులనే ఇస్తుంది. 2005లో 702 సి.సి. రెండు సిలిండర్ల డీజిల్ ఇంజన్‌తో వచ్చిన టాటా ఏస్ టకటకమనడానికి, 2,523 సి.సి. నాలుగు సిలిండర్ల ఇంజన్ గల బొలెరో పికప్ గుమ్మని మోగడానికి ఈ తేడా ఒక ముఖ్య కారణం.

3. సైలెన్సర్ పనిచేసే విధానం:
సన్నని గొట్టం నుండి వెడల్పాటి గదిలోకి ప్రవేశించినప్పుడు ధ్వనితరంగంలో కొంత భాగం వెనుకకు పరావర్తనం చెందుతుంది. 5 సెంటీమీటర్ల గొట్టం 15 సెంటీమీటర్ల డబ్బాలోకి తెరుచుకుంటే అడ్డుకోత వైశాల్యం 9 రెట్లు అవుతుంది. ఇటువంటి ఒక్క గది, అనుకూలమైన పౌనఃపున్యం దగ్గర, గరిష్ఠంగా సుమారు 13 డెసిబెల్స్ శబ్దాన్ని తగ్గించగలదు. అయితే గది పొడవు తరంగదైర్ఘ్యంలో సగానికి సమానమైనప్పుడు ఆ గది శబ్దాన్ని ఏమాత్రం ఆపలేదు. ఈ లోపాన్ని పూరించడానికే తయారీదారులు వేర్వేరు పొడవుల గదులను, రంధ్రాల గొట్టాలను, అడ్డుపలకలను ఒకే డబ్బాలో అమర్చుతారు.

లోపలి పలకలను కోసి తీసివేసి డబ్బాను ఖాళీ చేయడమంటే ఈ కూర్పును చెడగొట్టడమే. అప్పుడు కొన్ని పౌనఃపున్యాలు అడ్డులేకుండా బయటపడతాయి. ఒక ప్రత్యేక వేగంలో క్యాబిన్ అంతా హోరెత్తడం దీని పర్యవసానమే. రోజంతా స్టీరింగు పట్టుకొనే డ్రైవరుకు మొదట ముచ్చటగొలిపిన ఆ హోరు క్రమంగా తలనొప్పిగా మారుతుంది.

ఈ హోరును తగ్గించడానికి కొందరు ఒక చివర మూసిన పక్కగొట్టాన్ని అమర్చుతారు. దీని పొడవు తరంగదైర్ఘ్యంలో నాలుగోవంతు ఉండాలి. వాయువు 400 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉన్నప్పుడు అందులో ధ్వనివేగం సెకనుకు సుమారు 520 మీటర్లు. ఆ లెక్కన 60 హెర్ట్జ్ శబ్దానికి దాదాపు 2.2 మీటర్ల పక్కగొట్టం కావాలి. పికప్ అడుగున అంత చోటు దొరకడం కష్టం. ఉష్ణోగ్రత మారితే లెక్కా మారుతుంది. కాబట్టి చెవితో విని, అందాజుగా వెల్డింగు చేసిన గొట్టం ఆశించిన ఫలితం ఇవ్వకపోవడంలో ఆశ్చర్యం లేదు.

4. శక్తి పెరుగుతుందా?
వాయువులను బయటికి నెట్టడంలో ఇంజన్‌కు ఎదురయ్యే అడ్డును ఎదురుపీడనం అంటారు. దీనిని తగ్గించడం మేలన్నది సూత్రరీత్యా నిజమే. ఎంత మేలన్నది లెక్కతో తేల్చవలసిన విషయం. 2,523 సి.సి. ఇంజన్ నిమిషానికి 3,000 చుట్ల వద్ద సెకనుకు 25 చక్రాలు పూర్తిచేస్తుంది. అంటే పిస్టన్లు సెకనుకు దాదాపు 63 లీటర్ల ఘనపరిమాణాన్ని ఊడ్చివేస్తాయి. ఎదురుపీడనం 10 కిలోపాస్కల్స్ తగ్గిందనుకుంటే, టర్బో మీద పడే ప్రభావాన్ని పక్కన పెట్టినప్పుడు, ఆదా అయ్యే శక్తి సుమారు 0.63 కిలోవాట్లు. ఇది ఒక హార్స్‌పవర్ కన్న తక్కువ. 75 హార్స్‌పవర్ల ఇంజన్‌లో ఇది ఒక శాతం మాత్రమే.

డీజిల్ ఇంజన్ శక్తిని ప్రధానంగా నిర్ణయించేది లోపలికి చిమ్మే ఇంధన పరిమాణం. అది నియంత్రణ యూనిట్ ఆధీనంలో ఉంటుంది. గొట్టం మాత్రమే మార్చినప్పుడు ఇంధనం పెరగదు. శబ్దం పెరగడం వల్ల బండి ఎక్కువ గుంజుతున్నట్లు అనిపించడం చెవి కలిగించే భ్రమ. ‘ఇంజన్‌కు కొంత ఎదురుపీడనం అవసరం’ అన్న మరో ప్రచారం కూడా సరికాదు. ఇంజన్‌కు ఉపకరించేది వాయుప్రవాహ వేగం, తరంగాల సమయపాలన, అడ్డు కాదు.

5. బి.ఎస్.-6 వాహనాలు – వడపోత తొలగింపు:
2020 ఏప్రిల్ 1 నుండి అమలైన బి.ఎస్.-6 ప్రమాణాలతో డీజిల్ పికప్‌ల ఎగ్జాస్ట్ వ్యవస్థలో మసిని పట్టే వడపోత చేరింది. పేరుకున్న మసిని సుమారు 600 డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద కాల్చి అది తనను తాను శుభ్రపరచుకుంటుంది. ఇందుకు కొంతసేపు నిలకడైన వేగంతో ప్రయాణం అవసరం. చేనుకూ ఊరికీ మధ్య చిన్న దూరాలు తిరిగే బండిలో ఈ అవకాశం తక్కువ. వడపోత పూడుకుపోతుంది, హెచ్చరిక దీపం వెలుగుతుంది, బండి బలహీనపడుతుంది. దానిని పూర్తిగా తీసివేయించాలన్న ఆలోచన ఇక్కడే మొదలవుతుంది. కాని వడపోత ముందువెనుకల పీడనభేదాన్ని కొలిచే సెన్సార్ ఆ లోటును పసిగడితే, నియంత్రణ యూనిట్ శక్తిని మరింత తగ్గిస్తుంది. సాఫ్ట్‌వేర్‌ను మార్చి ఆ హెచ్చరికను మూసివేసినా, మసి నేరుగా గాలిలోకి, ఊరి ఊపిరితిత్తులలోకి చేరుతుంది.

6. స్థానిక పర్యవసానాలు:
మొదటిది అగ్నిప్రమాదం. గొట్టాన్ని కురచ చేసి మధ్యలోనే పక్కకు తిప్పినప్పుడు, చల్లారని వాయువు లోడు వైపు మళ్ళవచ్చు. పైకప్పు లేకుండా దూదిని మోసే బండికి, వేసవిలో ఎండిన టేకు ఆకులు పరుచుకున్న అటవీమార్గానికి ఇది చిన్న విషయం కాదు. వెల్డింగు అతుకుల నుండి కారే కార్బన్ మోనాక్సైడ్ క్యాబిన్‌లోకి చేరడం మరో ప్రమాదం. దానికి వాసన లేదు.

రెండవది రాత్రి నిశ్శబ్దం. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. 7.5 మీటర్ల దూరంలో 90 డెసిబెల్స్ ఉన్న బండి 240 మీటర్ల దూరంలోనూ సుమారు 60 డెసిబెల్స్‌తో వినిపిస్తుంది. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాసప్రాంతాలలో రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు సగటు పరిమితి 45 డెసిబెల్స్. తడోబా నుండి కాగజ్‌నగర్ అడవుల గుండా కవ్వాల్ వైపు పులులు సంచరించే ఈ ప్రాంతంలో, ఆ నిశ్శబ్దం మనుషులకు మాత్రమే పరిమితమైనది కాదు.

7. చట్టం:
కేంద్ర మోటారు వాహనాల నియమావళి (1989) 120వ నియమం ప్రతి మోటారు వాహనానికి సైలెన్సర్ తప్పనిసరి చేసింది. తయారీదారు నిర్దేశాలకు విరుద్ధమైన మార్పులను 1988 చట్టంలోని 52వ సెక్షన్ నిషేధిస్తున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ విషయాన్ని స్పష్టం చేసింది. 2019 సవరణ తరువాత 182-ఎ(4) సెక్షన్ కింద అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. శబ్ద, వాయుకాలుష్య ప్రమాణాలను మీరి బండి నడిపితే 190(2) సెక్షన్ కింద మొదటిసారి మూడు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ ఉంటాయి. మూడు నెలలు లైసెన్సు అనర్హత కూడా ఉంటుంది. ఒక హార్స్‌పవర్ కన్న తక్కువ లాభానికి ఇది భారీ మూల్యం.

8. ముగింపు:
బండి గుంజడం లేదన్నది నిజమైన సమస్య. దానికి పరిష్కారం సాధారణంగా సైలెన్సర్‌లో ఉండదు. దుమ్ముతో మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టరు, టర్బో గొట్టాల లీకు, అరిగిన క్లచ్, గాలి తగ్గిన టైర్లు, అనుమతించిన దానికన్న ఎక్కువ లోడు - వీటిని వరుసగా పరిశీలించాలి. బి.ఎస్.-6 బండిని అప్పుడప్పుడు రహదారి మీద నిలకడగా నడిపితే వడపోత తనంతట తానే శుభ్రపడుతుంది. సైలెన్సర్ తుప్పుపట్టి చిల్లుపడితే అదే నిర్దేశాలు గల కొత్తదానిని అమర్చుకోవడం న్యాయమైన మార్గం. శబ్దాన్ని శక్తిగా పొరబడకుండా ఉంటే డ్రైవరు సంపాదన, ఊరి నిద్ర రెండూ నిలుస్తాయి.