39వ ప్రశ్న, 40వ ప్రశ్న

వికారాబాద్ జంక్షన్ దాటాక పట్టాలు రెండు దారులు పడతాయి. ఒకటి తాండూరు మీదుగా వాడి జంక్షన్‌కు, ఇంకోటి బీదర్ మీదుగా పర్లి వైద్యనాథ్‌కు. ఏ బండి ఎటు పోతుందో, ఎన్నింటికి వస్తుందో పొల్లుపోకుండా చెప్పే పిల్లవాడు ఇంట్లో ఉంటే ‘పొద్దస్తమానం రైళ్ల గోలేనా’ అని విసుక్కుంటాం. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి ఇలా ఒకే విషయం మీద విడవని ఆసక్తి ఉంటుంది.

● మన దేశంలో ఆటిజాన్ని కొలిచే ప్రశ్నావళి ‘ఇసా’ తయారైంది సికింద్రాబాద్‌లోనే, బోయినపల్లి మనోవికాస్ నగర్‌లోని మేధో వైకల్యాల జాతీయ సంస్థలో. మొత్తం 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. 70 వస్తే ఆటిజం కింద లెక్క. చిత్రమేమిటంటే, 39వ అంశం అసాధారణమైన జ్ఞాపకశక్తి. 40వది ఏదో ఒక విద్యలో అబ్బురపరిచే నేర్పు. అవి ఉంటే మార్కులు పెరుగుతాయి. అంటే ప్రతిభ కూడా వైకల్యం ఖాతాలోనే జమ! నిర్ధారణకు అవి అవసరమే, కాదనను. కానీ వైకల్య సర్టిఫికెట్ చేతికొచ్చాక ఆ రెండు జవాబుల వంక మళ్లీ చూసేదెవరు?

● తాండూరు కందిపప్పులో రాయిని ఏరే చూపు కొందరికే ఉంటుంది. అలాంటి చూపు కోసమే 1983లో లండన్‌లో అమితా షా, ఉటా ఫ్రిత్ అనే పరిశోధకులు పెద్ద బొమ్మలో దాగిన చిన్న ఆకారాన్ని వెతకమని పిల్లలకు పరీక్ష పెట్టారు. ఆటిజం ఉన్న పిల్లలు అందులో ఎంతో చురుగ్గా నిలిచారు.

● అలాగని అందరూ మేధావులేమీ కారు. సినిమాలు చూసి అలా అనుకోవడం ఇంకో రకం అన్యాయం. ఇబ్బందులూ ఉంటాయి: నాపరాయి కోసే మిషన్ చప్పుడుకు చెవులు మూసుకునే పిల్లవాడికి ఆ మోత నిజంగానే భరించలేనిది కావచ్చు.

● 1943లో ఆటిజం గురించి లియో కానర్ అనే వైద్యుడు రాసిన వ్యాసంలో మొదటి పిల్లవాడు డొనాల్డ్ ట్రిప్లెట్. పెద్దయ్యాక అమెరికాలోని తన చిన్న ఊళ్లోనే బ్యాంకులో పనిచేశాడు, కారు నడిపాడు, గోల్ఫ్ ఆడాడు. ఊరు అతన్ని తనవాడిగా చూసుకుంది. 89 ఏళ్లు బతికి 2023లో పోయాడు.

● వికారాబాద్ జిల్లా పుట్టిన 2016లోనే కొత్త దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చింది. పాత చట్టంలోని 7 వైకల్యాలు 21 అయ్యాయి; ఆటిజం అందులో చేరింది. సర్కారు కొలువుల్లో దివ్యాంగుల 4 శాతం కోటాలోనూ దానికి చోటుంది.

ఈసారి వైకల్య నిర్ధారణ శిబిరం నుంచి వచ్చాక ఆ 39, 40 జవాబులను ఒక కాగితం మీద రాసి, పిల్లవాడి బడిలో టీచరు చేతికివ్వండి.