సైకిలుకు గేరు సూచిక అవసరమా?

గేర్ల సైకిలు హేండిలుపై మీట ప్రక్కనే తరచుగా ఒక చిన్న కిటికీ కనిపించును. దానిలో 1 నుండి 7 వరకు అంకెలు, వాటి మీదుగా కదలు ఒక ముల్లు ఉండును. మీట నొక్కినప్పుడెల్ల ముల్లు ఒక అంకె జరుగును. ఇదే గేరు సూచిక. కొందరు త్రొక్కుచున్నంత సేపు దానినే చూచుచుందురు; మరికొందరు దానివంక కన్నెత్తియైనను చూడరు. ఈ ఇరువురిలో ఎవరిది సరియైన పద్ధతి? ఇది తెలియవలెనన్న, ఆ ముల్లు నిజముగ చూపునదేమో ముందు తెలియవలెను.

పెడలు ఒక చుట్టు తిరిగినప్పుడు వెనుక చక్రము ఎన్ని చుట్లు తిరుగునో తెలుపు నిష్పత్తియే గేరు. ముందరి పళ్ళచక్రమునకు 48 పళ్ళు, వెనుకదానికి 24 పళ్ళు ఉన్నచో నిష్పత్తి 2. 26 అంగుళముల చక్రము చుట్టుకొలత రమారమి 2 మీటర్లు. కనుక పెడలు ఒక చుట్టు తిరిగిన, సైకిలు సుమారు 4 మీటర్లు సాగును. నిష్పత్తి పెరిగినకొలది ఆ దూరము పెరుగును. పెడలుపై మోపవలసిన బలము కూడ పెరుగును. అందుచేతనే ఎత్తు ఎక్కుటకు తక్కువ గేరు, పల్లమునకు ఎక్కువ గేరు వాడుదురు.

పూర్వపు గేరు మీటలలో పెక్కింటికి వేరుగ సూచిక అక్కఱలేకుండెను. మీటను ఎక్కడ నిలిపిన అక్కడనే నిలుచును. దాని వాలును బట్టియే గేరు తెలియును. 1984లో జపాను దేశపు షిమానో సంస్థ తన డ్యూరా-ఏస్ పరికరములలో ఒక్కొక్క గేరునకు ఒక్కొక్క 'టిక్కు' వచ్చు పద్ధతిని ప్రవేశపెట్టెను. అటుపిమ్మట, నొక్కి విడువగనే యథాస్థానమునకు తిరిగివచ్చు మీటలు వ్యాప్తిలోనికి వచ్చెను. అవి ఏ గేరులోనైనను ఒకే రీతిగ కనిపించును. మీట చెప్పలేని సంగతిని చెప్పుటకే కిటికీ అవసరమయ్యెను.

అయితే ఆ ముల్లు గొలుసును చూచి చెప్పుట లేదు. మీటలోని కప్పీ ఎంత తీగను చుట్టుకొన్నదో అది మాత్రమే చూపుచున్నది. తీగ సడలినను, గొలుసును ప్రక్కకు జరుపు డిరైలరు వంగినను, ముల్లు 4 చూపుచుండగా గొలుసు వేఱొక పళ్ళచక్రముపై ఉండవచ్చును. అంకె ఒకటి, శబ్దము వేఱొకటి అయినప్పుడు శబ్దమునే నమ్మవలెను.

మఱియొక చిక్కు కలదు. 21 గేర్ల సైకిలు నొకదానిని తీసికొందము. ముందు 28, 38, 48 పళ్ళు గల మూడు చక్రములు. వెనుక 28, 24, 22, 20, 18, 16, 14 పళ్ళు గల ఏడు చక్రములు. ముందు 1, వెనుక 7 అన్నచో 28కి 14, నిష్పత్తి 2. ముందు 3, వెనుక 2 అన్నచో 48కి 24, ఇదియును 2. అంకెలు వేఱు, గేరు ఒక్కటే! కాబట్టి ఒక్క కిటికీని మాత్రమే చూచి బరువు ఎంతో నిర్ణయింపరాదు. ఇంతకు మించి, 1–7లో గొలుసు బాగుగ ఏటవాలుగ నడచి త్వరగ అరుగును. ముందు 2, వెనుక 5 ఉంచినచో నిష్పత్తి సుమారు 2.1, గొలుసును దాదాపు తిన్నగ నడచును. రెండు కిటికీలను కలిపి చదివిన వానికి ఇట్టి లాభము కలదు.

సూచిక ముఖ్యముగ అక్కఱకు వచ్చునది ఆగుటకు ముందు. డిరైలరు గల సైకిలుపై పెడలు తిరుగుచుండగనే గేరు మార్చవలెను. నిలిచిన పిమ్మట మీట నొక్కినను గొలుసు జరుగదు. కూడలిలో ఎక్కువ గేరులోనే ఆగినవాడు తిరిగి బయలుదేరునప్పుడు పెడలు కదలక తూలును. వెనుక లారీ ఉన్నచో అది ప్రాణాపాయము. ముల్లు 6 చూపినచో ఆగకముందే 2కో 3కో దింపుకొనవచ్చును. ఎత్తు మొదలగుటకు ముందు ఇంక ఎన్ని తక్కువ గేర్లు మిగిలియున్నవో తెలిసికొనుటకును ఇది పనికివచ్చును. సూచిక లేనివాడు వెనుకకు వంగి పళ్ళచక్రములను చూడవలసివచ్చును. అంతసేపు దారిపై చూపు ఉండదు. ఇంగ్లండులో 1902 నుండి తయారైన స్టర్మీ-ఆర్చరు మూడు గేర్ల హబ్బువంటి వానిలో పళ్ళు లోపలనే దాగియుండును. వంగి చూచినను ప్రయోజనము లేదు.

కాని త్రొక్కుచున్న వేళ అసలు సూచిక కాళ్ళే. నిమిషమునకు 60 నుండి 90 చుట్లు సుఖముగ తిరుగుచున్నచో గేరు సరియైనదే. మోకాళ్ళపై బరువు పడిన గేరు తగ్గించవలెను. కాళ్ళు ఊరక గిరగిర తిరిగిన పెంచవలెను. ఎదురుగాలి, వీపుపై మూట, చక్రములో తగ్గిన గాలి, వీనిలో దేనిని గూర్చియు ముల్లునకు తెలియదు. నిన్న 5లో సాగిన దారి నేడు 3 కోరవచ్చును.

క్రొత్తగ నేర్చువారు ఒక చిన్న పరీక్ష చేయవచ్చును. రద్దీ లేని దారిలో, చూడకయే తాము ఏ గేరులో నున్నదియు ఊహించి, పిమ్మట ఒక్క క్షణము ముల్లును చూడవలెను. కొలది దినములలో ఊహయు అంకెయు కలియసాగును. అప్పటినుండి కిటికీని కూడలి ముందును, ఎత్తు ముందును చూచిన చాలును; తక్కిన చూపంతయు దారిపైననే ఉండవలెను.