క్లిప్పులు తీశాక... అసలు కథ!

ఎత్తుపళ్లకు క్లిప్పులంటే డాక్టరు ఫీజుతోనే అయిపోదు. నెలనెలా బిగించుకోవాలి. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాలకు రావాలంటే కరీంనగర్ నుంచి 160 కిలోమీటర్ల పైమాటే. ఆదిలాబాద్ నుంచైతే సుమారు 300! బస్సు ఛార్జీలు, పోయిన కూలీ అదనం.

ఇంత ఖర్చునూ కాపాడేది రిటైనరే. క్లిప్పులు తీసిన కొత్తలో పళ్ల చుట్టూ ఎముక ఇంకా గట్టిపడదు. చిగుళ్లలోని నారపోగులు పళ్లను పాత చోటికే లాగుతుంటాయి. అందుకే మొదట్లో దాదాపు రోజంతా, తర్వాత రాత్రిళ్లు... డాక్టరు చెప్పినన్నాళ్లు పెట్టుకోవాలి. ప్లాస్టిక్ రిటైనర్‌ను వేడినీళ్లలో కడిగితే వంకరపోతుంది. కాగితంలో చుట్టి పెడితే చెత్తబుట్ట పాలే. డబ్బాలోనే దాచాలి.

క్లిప్పులు వేయించే ముందే అడగండి: 'రిటైనర్ కూడా ఈ ఫీజులోనేనా? పోతే కొత్తదానికెంత?' అని. పళ్లు మళ్లీ కదిలాక అడిగితే ఏం లాభం?