కొత్త టీవీకి కప్పు మీద కమ్మీలెందుకు?

సిడ్నీ పడమటి శివారు గిరావీన్‌లో ఓ ఇంటికి 55 అంగుళాల కొత్త టీవీ వచ్చిందనుకోండి. ఇంటర్నెట్ ఉండగా కప్పు మీద యాంటెన్నా ఎందుకు? ఏబీసీ, ఎస్‌బీఎస్, సెవెన్, నైన్ లాంటి ఛానెళ్లు గాలిలో ఉచితంగా వస్తాయి కనుక.

తూర్పున సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, ఆర్టార్మన్ వైపున్న టవర్లు 200 మెగాహెర్ట్జ్‌కు అటూఇటూగా తరంగాలు వదులుతాయి. ఒక్కో తరంగం పొడవు దాదాపు ఒకటిన్నర మీటర్లు. అందులో సగం, అంటే ముప్పావు మీటరు కమ్మీ వాటిని బాగా పట్టుకుంటుంది.

టవర్ల వైపు యాంటెన్నా గురి తప్పితే? 2013 డిసెంబరులో ఆగిపోయిన అనలాగ్‌లోనైతే బొమ్మ మీద చుక్కలు కురిసేవి. డిజిటల్ బొమ్మ కొంతవరకు చెక్కుచెదరదు, హద్దు దాటితే ముక్కలై మాయమవుతుంది. నన్నడిగితే చుక్కలే నయం, క్రికెట్ స్కోరైనా కనిపించేది!